మెడలో రాయి: ఆక్లాండ్ పచ్చరాయి, పాలకుర్తి లింగకాయ

కిందటి ఎపిసోడ్‌లో పెంబర్తి ఇత్తడి రేకు పని గురించి మాట్లాడుకున్నాం కదా. దానికి చాలా మెసేజ్‌లు వచ్చాయి. చాలామంది పెంబర్తిలో కొనాలంటే ఎక్కడ కొనాలి అని అడిగారు, అది కింద రాసి పెట్టాను, చూసుకోండి. కానీ మహబూబాబాద్ నుంచి ఒకమ్మ పంపిన వాయిస్ మెసేజ్ ఉంది, అది ఇత్తడి గురించి కాదు. అది నన్ను పది రోజుల నుంచి వదలడం లేదు. ఆమె మాటల్లోనే చెప్తాను.

"సార్, మా కొడుకు ఆక్లాండ్ల ఉంటడు. మొన్న వచ్చినప్పుడు నాకు మెడలకు ఒక పచ్చరాయి తెచ్చిండు. నత్తగుల్ల లెక్క సుట్టు తిరిగి ఉంటది. ఏసుకున్న. మా వదిన చూసి గదేం తాయెత్తు అని అడిగింది. కురవి వీరన్న గుడికి పోయేటప్పుడు ఏసుకొని పోవచ్చునా, తీసి పోవాల్నా? ఇంకోటి సార్. మావోడు ఏమంటడంటే, అమ్మా ఇది నీ తర్వాత నా బిడ్డకు పోవాలె, అక్కడి పద్ధతి గంతే అంటడు. నేను పోయినంక నా మెడల నుంచి తీసి పసిదానికి ఏస్తరా? గది మంచిదేనా?"

మొదటి ప్రశ్నకు జవాబు సులువు, చివర్లో చెప్తా. రెండోది విన్నప్పుడు మాత్రం నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన మెడలో కూడా ఒక రాయి ఉండేది. డెబ్భై ఏళ్ళు ఉంది. అది ఎవరికీ రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ముందు ఆ పచ్చరాయి సంగతి చెప్పాలి.

న్యూజిలాండ్‌లో మావోరీలు దాన్ని పౌనము అంటారు. అక్కడి దక్షిణ ద్వీపం పేరే తె వైపౌనము, అంటే పౌనము నీళ్ళున్న చోటు. పడమటి తీరంలో అరాహురా లాంటి నదుల్లో దొరుకుతుంది. వరదకు కొండల నుంచి కొట్టుకొచ్చిన గుండ్లు. పైకి చూస్తే మామూలు ఏటి రాయిలాగానే ఉంటుంది, పైన బూడిద రంగు పొట్టు కట్టి ఉంటుంది. తడిపి, వెలుతురుకు పెట్టి చూడటం తెలిసినవాడికే లోపలి పచ్చ కనబడుతుంది. ఆ పచ్చలో రకాలు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో పేరు. ముదురు ఆకుపచ్చది కవకవ, అది ఒక చెట్టు ఆకు పేరు. పాలు కలిసినట్టు తెల్లగా ఉండేది ఇనంగ, అది ఒక చిన్న చేప పేరు. చాలా లేతగా, వెలుతురు లోపలికి పోయేది కహురంగి. ఇంకొకటుంది, గాజులాగా ఉండేది, దాని పేరు తంగివై. తంగివై అంటే కన్నీళ్ళు. శాస్త్రం ప్రకారం అది వేరే రాయి, కానీ మావోరీలు అన్నిటినీ ఒకే కుటుంబంలో లెక్కేశారు. మనం గ్రానైట్‌నీ, డోలరైట్‌నీ కలిపి నల్లరాయి అన్నట్టు అనుకోండి.

ఇప్పుడు పని సంగతి. ఈ రాయి గాజును గీస్తుంది. అంత గట్టిది. గట్టిదనం ఒక్కటే అయితే కొడితే పగిలేది. ఇది పగలదు, ఎందుకంటే లోపల సన్నటి పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటాయి, జనపనార తాడులాగా. ఉలి పెట్టి సుత్తితో కొట్టి చెక్కుదామంటే కుదరదు. పైగా మావోరీలకు లోహమే లేదు. ఇనుము లేదు, రాగి లేదు. మరి ఏం చేశారు? అరగదీశారు. ఇసుకరాయి పలక తీసుకొని, నీళ్ళు పోసుకుంటూ, ముందుకూ వెనక్కూ. రెండువైపులా గాడి పడేదాకా రాకి, అప్పుడు విరగ్గొట్టి పలక తీసేవాళ్ళు. బెజ్జం వేయడానికి ఒక కర్రకు రాతి మొన కట్టి, దానికి తాళ్ళు చుట్టి, కుడిచేత్తో ఒకసారి ఎడమచేత్తో ఒకసారి లాగేవాళ్ళు. మీ ఇంట్లో నాయినమ్మ కవ్వం తాడు లాగి చల్ల చిలకడం చూసిన వాళ్ళుంటే ఇక నేను చెప్పక్కర్లేదు, అదే లాగుడు. కాకపోతే ఇక్కడ వెన్న రావడానికి నెలలు పడుతుంది. ఒక మనిషి మొదలుపెట్టింది ఇంకో మనిషి ముగించిన సందర్భాలుండవచ్చు అనిపిస్తుంది నాకు.

వీటిలో పేరున్నది హెయ్ తికి. హెయ్ అంటే మెడలో వేసుకునేది, తికి అంటే మనిషి రూపం. పెద్ద తల, పెద్ద కళ్ళు, పొట్ట మీదనో తొడల మీదనో చేతులు, తల మాత్రం ఒక పక్కకు వాల్చి ఉంటుంది. ఎందుకు వాల్చారు అంటే చాలా కథలున్నాయి. నాకు నచ్చిన వివరణ ఒకటుంది. యూరపు వాళ్ళు వచ్చి ఇనుప గొడ్డళ్ళు, ఇనుప బాడిసెలు తెచ్చాక, అప్పటిదాకా చెట్లు నరికిన రాతి బాడిసెలకు పని లేకుండా పోయింది. వాటిని తొకి అంటారు. తరాల నుంచి వచ్చిన మంచి పౌనము పలకలు అవి, పారేయలేరు కదా. వాటినే అరగదీసి తికిలు చేసుకున్నారు. బాడిసె ఆకారం నిడుపుగా, కురచ వెడల్పుతో ఉంటుంది. అందులో మనిషి పట్టాలంటే తల వాల్చాల్సిందే అని కొందరంటారు. ఇది నిజమైతే నాకు భలే అనిపిస్తుంది. పనిముట్టు పోయి మనిషి అయింది, మనిషి కావడానికి మెడ వంచింది. మన దగ్గర నాగలి కర్రు పాతబడితే కమ్మరి దగ్గర కొడవలి కొట్టించుకుంటారు చూడండి, అట్లాంటిదే.

మహబూబాబాద్ అమ్మ మెడలో ఉన్నది తికి కాదు. నత్తగుల్ల లెక్క అన్నది కదా, అది కొరు. ఫెర్న్ చెట్టు లేత చిగురు విప్పుకునే ముందు చుట్ట చుట్టుకొని ఉంటుంది, ఆ చుట్ట. కొత్త ప్రాణం, మొలక అని అర్థం చెప్తారు. మావోరీ చెక్కడాల్లో, సభామందిరాల దూలాల మీద వేసే రంగుల పనిలో ఈ సుడి చాలా పాతది. కాని విడిగా పచ్చరాయిలో కొరు చెక్కి మెడలో వేసుకోవడం ఎక్కువగా ఈ కాలపు అలవాటు. అలాగే చేపల గాలం ఆకారం ఒకటుంది, హెయ్ మతావు అంటారు, అది సముద్రం మీద క్షేమానికి. దుకాణాల్లో ఒక అట్ట తగిలించి ఉంటుంది, ఈ ఆకారానికి ఈ అర్థం, ఆ ఆకారానికి ఆ అర్థం అని. మన దగ్గర నవరత్నాల పట్టిక పెట్టినట్టు. నాకు ఆ అట్టల మీద అంత గౌరవం లేదు. ఆ రాయికి అర్థం ఆకారంలో ఉన్నది తక్కువ, అది ఎవరి మెడ నుంచి ఎవరి మెడకు వచ్చింది అనే దాంట్లో ఉన్నది ఎక్కువ. కొన్ని తికిలకు పేర్లుంటాయి, మనుషులకు ఉన్నట్టు. అది ఎవరెవరు వేసుకున్నారో వరసగా చెప్తారు. వేసుకున్న ప్రతి మనిషి ఘనత కొంత రాయిలో చేరుతుందని వాళ్ళ నమ్మకం. మన అని ఒక మాట వాడతారు దానికి, మన తెలుగు మన కాదు, వాళ్ళ మన. ఘనత, తేజస్సు, మాట చెల్లుబాటు, అన్నీ కలిపిన మాట అది.

సరే. ఇప్పుడు మా తాత.

మాది పాలకుర్తి దగ్గర ఊరు. ఇప్పుడు జనగామ జిల్లా. 2016 దాకా వరంగల్ జిల్లానే, ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని విడివిడి అయ్యాయి. పాలకుర్తి అంటే మీకు సోమనాథుడు తెలుసు. పాల్కురికి సోమనాథుడు. కాకతీయుల కాలం మనిషి, కొండ మీద గుహలో సోమేశ్వరుడున్న ఊరు ఆయనది. సంస్కృత వృత్తాలు వద్దనుకొని ద్విపదలో, ఇంటిమాటల్లో బసవపురాణం రాశాడు. బసవడు కన్నడ దేశం మనిషి, ఆయన కథను తెలుగులో పెద్ద కావ్యంగా కట్టింది మాత్రం మన పాలకుర్తి మనిషి. ఆ తర్వాత 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకుపోయాడు. కన్నడం వాళ్ళ బసవన్న కథ తెలుగు మీదుగా కన్నడానికి పోయిందన్నమాట. ఇది చెప్పుకోవడానికి మాకు కొంచెం గర్వంగానే ఉంటుంది, ఏమనుకోకండి.

ఆ బసవడి మార్గంలో గుండెకాయ లాంటిది ఇష్టలింగం. గుళ్ళో ఉండే లింగం స్థావరం, కదలదు. దాని దగ్గరికి పోవాలంటే గుడి వాకిలి దాటాలి, వాకిలి దగ్గర నిన్ను రానిచ్చేవాడు ఉండాలి. 12వ శతాబ్దంలో ఎంతమందిని రానిచ్చారో మీకు తెలుసు. అందుకని దేవుణ్ణి మెడలో కట్టారు. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు, చెప్పులు కుట్టేవాడికి, బట్టలు ఉతికేవాడికి, మంత్రికి, అందరికీ ఒకటే రాయి, ఒకటే కొలత. పుట్టిన బిడ్డకు కూడా కడతారు. మా ఇంట్లో ఆడపిల్లలకు చెవులు కుట్టకముందే లింగం కట్టేవాళ్ళు. ఆంధ్ర వైపు ఆరాధ్యులు ఉన్నారు, మల్లికార్జున పండితారాధ్యుల పరంపర, వాళ్ళు జంధ్యమూ వేసుకుంటారు, లింగమూ కట్టుకుంటారు. మేము జంధ్యం లేనివాళ్ళం.

ఈ రాయి పని ఎలా ఉంటుందో చూడండి. లోపల ఉండేది బూడిద రంగు పలకరాయితో చేసిన చిన్న లింగం. చిన్నదే, కాని కొలత తప్పకూడదు. లింగం, దాని కింద పీఠం, నీళ్ళు జారే గోముఖం, వీటి కొలతలు ఒకదాన్ని బట్టి ఒకటి ఉండాలి. పంచసూత్ర లింగం అంటారు. గుళ్ళో నిలువెత్తు లింగానికి ఉండే లెక్కలన్నీ ఈ గోటి అంత రాయికి కూడా చూస్తారు. చేసేవాడి చేయి ఎంత నేర్పరిదో అక్కడ తెలియాలి. తెలియదు. ఎందుకంటే, ఇంత కష్టపడి చెక్కిన దాన్ని మూసేస్తారు! ఆవు పేడ బూడిదను నూనెలో నూరి నల్లటి లేపనం చేసి, ఆ లింగం మొత్తాన్ని కప్పేస్తారు. దాన్ని కంతి అంటారు. ఆరి గట్టిపడ్డాక బోర్లించిన చిన్న గిన్నెలాగా, నున్నగా, నల్లగా, అద్దంలాగా మెరుస్తుంది. పైన ఏ గీతా ఉండదు. ఏ ఆకారమూ ఉండదు. ఎడమ అరచేతిలో పెట్టుకొని కళ్ళకు ఎదురుగా ఎత్తి పట్టుకుంటే దీపం వెలుగు చుక్కలాగా దాని మీద నిలబడుతుంది. ఆ చుక్క మీద చూపు నిలపాలి. అదే పూజ.

మావోరీ పనివాడు ప్రతి గీతా కనబడాలని నెలల తరబడి అరగదీస్తాడు. మన పనివాడు కొలత తప్పకుండా చెక్కి, ఇక ఈ జన్మలో ఎవరూ చూడకుండా కప్పేస్తాడు. రెంటిలో ఏది గొప్ప అని నేను అడగను. రెండో పని చేయడానికి ఎలాంటి మనసు కావాలో అని మాత్రం ఆలోచిస్తుంటా.

ఆ కంతి కట్టిన లింగాన్ని తెల్లటి బట్టలో చుట్టి, వెండి లింగకాయలో పెట్టి, శివదారంతో మెడలో వేసుకుంటారు. కర్ణాటకలో ఆ వెండి భరిణను కరడిగె అంటారు, మా తాత లింగకాయ అనేవాడు. గుండ్రంగా ఉండేది, నిమ్మకాయంత. ఒకపక్క సొట్ట పడి ఉండేది. జనగామలో ఒక అవుసలాయన దగ్గర రెండుసార్లు సరిచేయించాడు, మళ్ళీ అక్కడే సొట్టపడేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు జరిగింది ఇది. తాత స్నానానికి పోయే ముందు లింగకాయ తీసి గూట్లో పెట్టడు, ఎప్పుడూ తీయడు. ఆ రోజు మాత్రం దారం తెగబోతుందని కొత్త దారం మార్చడానికి తీసి పీట మీద పెట్టి దారం కోసం లోపలికి పోయాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆ వెండి కాయలో ఏముంది అని నాకు ఎన్నేళ్ళ నుంచో. మూత తీసిన. బట్ట విప్పిన. నల్లగా ఉంది. అంతే. ఇంతేనా అనిపించింది. లోపల ఇంకేమైనా ఉందేమో అని ఊపి చూడబోయిన. చేతిలోంచి జారింది. కింద షాబాద్ బండలు.

శబ్దం పెద్దగా రాలేదు. కాని కంతి ఒకపక్క పెచ్చు ఊడింది. లోపల బూడిద రంగు రాయి, గోరంత, కనబడింది. తాత గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

కొడతాడనుకున్న. కొట్టలేదు. తిట్టలేదు. వచ్చి రెండు చేతులతో తీసుకొని, బట్టలో చుట్టి, గుండెకు ఆనించుకొని కూర్చున్నాడు. మా ఇంట్లో లింగపూజ కాందే మెతుకు ముట్టరు. పగిలిన లింగానికి పూజ చేయవచ్చో లేదో చెప్పేవాడు కావాలి. కొలనుపాక వైపు నుంచి జంగమయ్యకు కబురు పంపారు. ఆయన వచ్చేసరికి రెండు రోజులు. రెండు రోజులు తాత ఏమీ తినలేదు. నాయినమ్మ తినలేదు, తాత తినకుంటే తను తినదు. నాకు మాత్రం వేళకు పెట్టారు. పక్కన కూర్చొని పెట్టారు. ఆ అన్నం ఎట్లా మింగినానో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎవరు పగలగొట్టారని ఇంట్లో అందరూ అడిగారు. తాత జారిపడింది అన్నాడు. అది అబద్ధం కూడా కాదు, చూడండి.

లింగం పోతే ప్రాణం పోయినట్టే అనే మాట మీరు పాత పుస్తకాల్లో చూస్తారు. బ్రౌన్ దొర, మన నిఘంటువు రాసిన బ్రౌన్ దొరే, 1840లో జంగాల మతం, ఆచారాలు, సాహిత్యం మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఆయనకు ఈ జనం మీద, సోమనాథుడి మీద ఆసక్తి ఎక్కువ. అట్లా చదువుకున్నప్పుడు ఇవన్నీ ఆచారాల జాబితాలాగా కనబడతాయి. నేను ఆ రెండు రోజులు ఆ ఇంట్లో ఉన్నవాణ్ణి.

జంగమయ్య వచ్చి చూశాడు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఆ పెచ్చు ఊడిన చోట వేలితో తడిమి చూశాడు చాలాసేపు. "లోపలి రాయికి ఏం కాలే. కంతికే అయింది" అన్నాడు. అంతే. ఆ మాటతో ఇంట్లో పొయ్యి వెలిగింది. ఆయన తనతో తెచ్చుకున్న లేపనం తీసి, ఆ గోరంత చోటు కప్పి, ఆరబెట్టి, రుద్ది రుద్ది నునుపు చేశాడు. ఎంత రుద్దినా ఆ అతుకు మాత్రం కొంచెం మసకగానే ఉండిపోయింది. కొత్త కంతి వేస్తా అన్నాడు. తాత వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో అప్పుడు తెలియలేదు, ఆ తర్వాత అడగలేదు.

మరి ఆ రాయి నాకెందుకు రాలేదు?

ఇక్కడ పౌనముకూ, ఇష్టలింగానికీ దారులు వేరవుతాయి. మావోరీల ఇంట్లో మనిషి పోతే తంగి అని రోజుల తరబడి జరుగుతుంది. ఏడవడం, కలవడం, పొగడటం, పాట. కుటుంబం పచ్చరాళ్ళు శవం దగ్గర పెడతారు, తర్వాత తీసి వారసులకు ఇస్తారు. పాతరోజుల్లో కొన్నిసార్లు మనిషితో పాటు పాతిపెట్టి, ఏళ్ళు గడిచాక ఎముకలు తీసేటప్పుడు ఆ తికిని మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నారు. చావు దగ్గర నుంచి వచ్చినంత మాత్రాన ఆ రాయి వాళ్ళకు అపశకునం కాదు. పెద్దవాళ్ళను తాకి వచ్చింది కాబట్టి దానికి ఇంకా గౌరవం.

మాకు అట్లా కాదు. మేము కాల్చం. కూర్చోబెట్టి సమాధి చేస్తాం, ధ్యానంలో కూర్చున్నట్టు. ఎడమ అరచేతిలో ఆ మనిషి లింగం పెడతాం. పుట్టినప్పుడు కట్టింది, పోయేటప్పుడు తనతోనే పోతుంది. లింగైక్యం అంటారు అందుకే. నీ లింగం నీది. వారసత్వం లేదు. నీ కొడుక్కు గురువు వేరే లింగం ఇస్తాడు. ఎంత పేదవాడైనా, ఎంత పెద్ద పండితుడైనా, రాయి మాత్రం కొత్తదే. తండ్రి ఘనత కొడుకు మెడలోకి రాకూడదు అని బసవడు ఉద్దేశపూర్వకంగానే అనుకున్నాడేమో. కులం తండ్రి నుంచి వస్తుంది కదా, రాయి కూడా తండ్రి నుంచే వస్తే ఇంకేం మారినట్టు? ఇది నా ఊహ. ఎక్కడా చదివింది కాదు.

తాత పోయినప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం, నాకు అన్నీ తెలుసు అనుకునే వయసు. లింగకాయ విప్పుతుంటే నేను అడ్డం పోయిన. తాత గుర్తుగా నా దగ్గర ఉంచుకుంటా, ఇంకో లింగం పెట్టండి అన్న. మా పెద్దనాయన ఏమీ అనలేదు. మా నాయినమ్మ అన్నది. గోడకు ఆనుకొని కూర్చొని ఉంది, లేవలేదు. "బిడ్డా, నువ్వు పగలగొట్టిన నాడు ఆయన రెండు దినాలు తినలే. ఇప్పుడు చేతిల రాయి లేకుండ పంపుతవా?"

ఆమెకు తెలుసు. పదిహేడేళ్ళు తెలుసు.

పక్కకు జరిగిన. తాత అరచేతిలో ఆ నల్లటి రాయి పెట్టినప్పుడు అతుకు ఉన్న పక్క పైకి వచ్చింది. మసకగా, గోరంత. దాని మీద విభూతి పడింది. తర్వాత మట్టి.

వెండి లింగకాయ మాత్రం ఇంట్లో ఉండిపోయింది, సొట్టతో సహా. ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. ఖాళీగా.

ఇంకో మాట చెప్పాలి, భూపాలపల్లి వైపు. మాకు చితి లేదు కాబట్టి అస్థికలు ఉండవు, గోదావరికి పోయే పని లేదు. కాని నాయినమ్మ కాళేశ్వరం పోదాం అన్నది. తీసుకుపోయిన. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి, మీరు చూసే ఉంటారు. ఒకటి కాలుడు, అంటే యముడు, రెండోది ముక్తేశ్వరుడు. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం, ఈ మూడు లింగాల మధ్య నేల కాబట్టి త్రిలింగ దేశం, అందులోంచే తెలుగు అనే వివరణ ఒకటి ఉంది కదా, ఆ మూడోది. ముక్తేశ్వరుడి లింగానికి రెండు బెజ్జాలున్నాయి. అందులో పోసిన నీళ్ళు ప్రాణహిత గోదావరి కలిసే చోటికి పోతాయని నమ్మకం. నాయినమ్మ చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళు లోపలికి పోతుంటే చెవి పెట్టి వింటున్నట్టు వంగింది. స్థావరానికి ఆమె మొక్కడం నేను చూసింది అదొక్కసారే. తర్వాత తన మెడలో ఉన్న లింగకాయను కొంగుతో తుడుచుకుంది. ఆమెదీ ఆమెతోనే పోయింది, ఆరేళ్ళ తర్వాత.

సోమనాథుడి పురాణంలో బెజ్జమహాదేవి అని ఒకామె కథ ఉంది. అందరికీ తల్లులున్నారు, శివుడికి మాత్రం తల్లి లేదు, ఉంటే విషం మింగనిచ్చేదా, శ్మశానాల్లో తిరగనిచ్చేదా అని బాధపడి, లింగాన్ని పసిబిడ్డను చేసుకొని నీళ్ళు పోసి, కాటుక పెట్టి, పాలు పట్టి సాకుతుంది. చిన్నప్పుడు ఆ కథ వింటే నవ్వొచ్చేది. కాళేశ్వరంలో కొంగుతో తుడుస్తున్నప్పుడు నవ్వు రాలేదు.

ఇప్పుడు మహబూబాబాద్ అమ్మ ప్రశ్నలకు వద్దాం. అమ్మా, మీరు వింటున్నారనుకుంటా.

కురవికి వేసుకొని పోవచ్చు. నేను ఆచార్యుణ్ణి కాదు, నా మాటే శాసనం కాదు, అడిగారు కాబట్టి చెప్తున్నా. మీ కొడుకు మీ మెడలో వేసింది ఒక మొలక. వీరన్న దాన్ని చూసి కోప్పడతాడని నేను అనుకోను. అది తాయెత్తు కాదని మీ వదినకు చెప్పండి. తాయెత్తు లోపల మంత్రం రాసి ఉంటుంది, భయానికి కట్టుకుంటారు. ఇది అట్లాంటిది కాదు.

రెండోది. మీ తర్వాత మనవరాలి మెడలో వేయడం. అది మా ఇంటి రాయి అయితే నేను వద్దనేవాణ్ణి. ఇది వాళ్ళ రాయి, వాళ్ళ నేల నుంచి వచ్చింది. వాళ్ళ పద్ధతిలో అది ఆగకూడదు, పోతూ ఉండాలి. ఇంకొకరి నేల నుంచి రాయి తెచ్చుకున్నప్పుడు దాని పద్ధతి కూడా తెచ్చుకోవాలి కదమ్మా. రాయి మాత్రమే తెచ్చుకొని పద్ధతి అక్కడే వదిలేస్తే అది కొనుక్కున్న గాజు పూస అవుతుంది. కాని మీరు పోయేదాకా ఆగాలని ఎవరన్నారు? మీ భయం అదే కదా, చచ్చినామె మెడ నుంచి తీసి పసిదానికి వేయడం. బతికుండగానే ఇవ్వండి. మీ చేత్తో వేయండి. అక్కడ చాలామంది పౌనమును మనకు మనం కొనుక్కోకూడదు, ఒకరు ఇస్తే వేసుకోవాలి అంటారు. ఇచ్చే చెయ్యి ముఖ్యం.

ఒక్కటి మీ అబ్బాయిని అడగండి, ఆ రాయి ఎక్కడిది అని. న్యూజిలాండ్‌లో 1997లో చట్టం చేసి దక్షిణ ద్వీపంలోని తమ ప్రాంతపు పౌనము మీద హక్కును ఙాయ్ తాహు అనే మావోరీ తెగకు తిరిగి ఇచ్చారు. ఙ అనే అక్షరం మనం బడిలో నేర్చుకొని జన్మలో వాడం కదా, ఇదిగో వాళ్ళ పేరు పలకడానికి పనికొచ్చింది. సరే, విషయం ఏంటంటే, వేరే దేశాల నుంచి వచ్చిన పచ్చరాయిని కూడా అదే ఆకారంలో చెక్కి అక్కడి దుకాణాల్లో అమ్ముతారు. చూడటానికి తేడా తెలియదు. అది అయినా పాపమేమీ లేదు, కొడుకు తెచ్చాడు. కాని మనవరాలికి ఇచ్చేటప్పుడు దానికి చెప్పడానికి ఒక కథ కావాలి, ఆ కథ నిజమైతే బాగుంటుంది. ఏ నది, ఎవరు చెక్కారు, కనుక్కొని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. దాని కింద మీ పేరు రాయండి. మీ తర్వాత ఆ పిల్ల పేరు.

తాడు మాత్రం చూసుకుంటూ ఉండండి. చెమటకు మెత్తబడుతుంది, మన ఎండలకు తొందరగా. తెగేదాకా ఉంచొద్దు. మార్చేటప్పుడు పీట మీద పెట్టి లోపలికి పోకండి, ముఖ్యంగా ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లలుంటే.

వచ్చే ఎపిసోడ్‌లో గణపురం కోటగుళ్ళు. మొన్ననే పోయి షూట్ చేసుకొని వచ్చాం, నంది మెడలో గంటల పట్టెడ చూపిస్తా, బాగుంటుంది.